నాలుగో జ్వరం లేచాక బడికి పోయేదెవరు?



ఈసారి ఆకు గురించో ఊజీ ఈగ గురించో కాదు, పిల్లల గురించి రాస్తున్నాం. పిల్లల మీద దౌర్జన్యం అనగానే టీవీలో వచ్చే ఘోరాలే గుర్తొస్తాయి. అది మన ఇంటి మాట కాదులే అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో దీనికి ఒక నిర్వచనం ఇచ్చింది. కొట్టడం, మనసు విరిచే మాటలు, లైంగిక హింసతో పాటు నిర్లక్ష్యాన్ని, పిల్లల చేత పని చేయించి లాభం తీసుకోవడాన్ని కూడా అందులో చేర్చింది. ఈ చివరి రెండూ మన పట్టు పనికి దూరమేమీ కాదు.

ముందు దారం వైపు చూద్దాం. రామనగర మార్కెట్లో వేలం అయిన గూళ్ళు ఎక్కడికి పోతాయో మనకు తెలుసు. మరుగుతున్న నీళ్ళలో గూడు ఉడికిందా, కొస వదిలిందా అని వేళ్ళతో తడిమి చూడాలి. ఒకప్పుడు ఆ వేళ్ళు చాలాచోట్ల చిన్నపిల్లలవి. హ్యూమన్ రైట్స్ వాచ్ అనే అంతర్జాతీయ సంస్థ 1996లోనూ, మళ్ళీ 2003లోనూ కర్ణాటక, తమిళనాడు, ఉత్తరప్రదేశ్ పట్టు పనిలో పిల్లల వెట్టి మీద నివేదికలు వేసింది. ఐదేళ్ళ పిల్లల్ని కూడా పెట్టుకోవడం, రోజుకు 12 గంటలు, అంతకు మించి పని, బొబ్బలెక్కి చీము పట్టిన చేతులు, తిట్లు, దెబ్బలు అన్నీ అందులో ఉన్నాయి. యంత్రాలు వచ్చాక, కేసులు పడ్డాక చాలా మార్పు వచ్చింది. కానీ అప్పట్లో ఆ పిల్లల్ని అక్కడ కట్టేసింది సంకెళ్ళు కాదు, అమ్మానాన్న తీసుకున్న అడ్వాన్సు. వెయ్యో రెండు వేలో అప్పు, దానికి పిల్ల చాకిరీ. కూలి వడ్డీకి పోతే అసలు అలాగే నిలిచేది.

పిల్లల చాకిరీని తాకట్టు పెట్టే ఒప్పందం చెల్లదని బ్రిటిషు వాళ్ళే 1933లో చట్టం చేశారు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ఇంకా గట్టిది. అలాంటి అప్పు తీర్చే బాధ్యతే రద్దయిపోతుంది, దాన్ని వసూలు చేసేవాడే నేరస్తుడు. ఇది మనకు ఎందుకంటే, పెద్ద షెడ్లున్న వాళ్ళు బయటి ఊళ్ళ నుంచి ఆలుమగల్ని అడ్వాన్సు ఇచ్చి తెచ్చి షెడ్డు పక్కనే గది ఇచ్చి ఉంచుతున్నారు. మంచిదే, వాళ్ళకూ బతుకు. కానీ వాళ్ళ తొమ్మిదేళ్ళ పిల్ల ఆకు మోస్తుంటే "వాళ్ళ పిల్లే కదా, అమ్మానాన్నకు సాయం చేస్తోంది" అంటారు. చట్టం అలా చూడదు. షెడ్డు మీది, వాళ్ళ కుటుంబ వ్యాపారం కాదు. అడ్వాన్సు తీరేదాకా కదలకూడదు అన్నారంటే అది ఇంకో కేసు కూడా.

2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. 14 నుంచి 18 మధ్య వాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. తప్పితే 6 నెలల నుంచి 2 ఏళ్ళ జైలు, లేదా 20,000 నుంచి 50,000 దాకా జరిమానా, లేదా రెండూ. సొంత పిల్లలు బడి అయ్యాక, సెలవుల్లో ఇంటి పనిలో చెయ్యి వేస్తే తప్పు లేదు. అయితే అది ప్రమాదం లేని పని కావాలి, చదువుకు అడ్డు రాకూడదు. మాకు అనిపించేదేమంటే, ఈ చివరి మాటను మనమంతా బాగా సాగదీసుకున్నాం.

లెక్క వేసి చూడండి. పురుగు మొత్తం తినే ఆకులో నూటికి 80 పైగా నాలుగో జ్వరం లేచాకే తింటుంది. ఆ వారం రోజులు, ఆ పైన చంద్రికలకు ఎక్కించే రోజు, ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్నీ కావాలి. బడికి పోయే పిల్ల ఆగిపోయేది సరిగ్గా అప్పుడే. చాకీ పురుగులు కొనుక్కుని, రెండు తోటలు పెట్టుకుని ఏడాదికి 8 పంటలు తీసేవాళ్ళు మనలో ఉన్నారు. పంటకు 6 బడి రోజులు పోతే 48. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220. అంటే నాలుగో వంతుకు దగ్గర. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా పిల్ల చదువు వెనకబడింది.

మన పిల్లలకు ఇంకో కష్టం ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో. వారం పోతే పక్కింటి పిల్ల నోట్సు చూసి పూడ్చుకోగలదు, ఆ పిల్లది బడి భాషే. మన పిల్లకు పాఠంతో పాటు మాట కూడా తప్పిపోతుంది. అందులోనూ ఆగిపోయేది ఎక్కువగా ఆడపిల్లే. తమ్ముడు బడికి, అక్క షెడ్డుకి.

పేదరికం వేరు, నిర్లక్ష్యం వేరు. ఇది స్పష్టంగా చెప్పాలి, లేకపోతే లేనివాళ్ళందరినీ దోషుల్ని చేసినట్టు అవుతుంది. చెప్పులు కొనలేకపోవడం నిర్లక్ష్యం కాదు. కూలికి మనిషిని పెట్టుకునే డబ్బు ఉండి కూడా, మిగుల్తుందని పిల్లను ఆపడం నిర్లక్ష్యమే. 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా "కావాలని" చేసిన నిర్లక్ష్యాన్నే నేరం అంటుంది. దానికి 3 ఏళ్ళ దాకా శిక్ష ఉంది.

షెడ్డులో మందు పని సంగతి. ఫార్మాలిన్, బ్లీచింగు కలిపేటప్పుడు, కొట్టేటప్పుడు పిల్లలు లోపల ఉండకూడదు. పెద్దవాళ్ళకే కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది. గుడ్డ కట్టుకున్నాడులే అనుకోవద్దు. ఖాళీ సీసాలో నీళ్ళు పోసి ఎక్కడా పెట్టొద్దు.

ఇంకొకటి మాట్లాడటానికి అందరికీ ఇబ్బందే. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి చేసిన అధ్యయనంలో సగం మందికి పైగా ఏదో ఒక రకం లైంగిక వేధింపుకు గురయ్యామన్నారు. ఆడపిల్లలే కాదు, మగపిల్లలు కూడా. చేసినవాళ్ళలో సగం మంది దాకా పిల్లకు తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు. పంట చివరి వారం రాత్రి 11కి ఆకు వేస్తాం, ఇల్లు తెరిచే ఉంటుంది, కూలివాళ్ళు, బంధువులు, గూళ్ళ బేరగాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. ఆ వారం పిల్లలు ఎవరి దగ్గర పడుకుంటున్నారు అన్నది ముందే తేల్చుకోవాలి. పిల్ల ఫలానా మామ దగ్గరికి పోనని మొండికేస్తే అడగండి, కొట్టొద్దు. ఇలాంటిది తెలిసి చెప్పకపోవడం 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. చేసినవాడు బంధువైనా సరే.

ఎక్కడ చెప్పాలంటే 1098. పిల్లల సహాయవాణి. డబ్బు పడదు, పగలూ రాత్రీ తీస్తారు. మీ షెడ్డులో సంగతే కాదు, పక్క ఊళ్ళో చూసింది కూడా చెప్పొచ్చు.

వచ్చే పంటకు గుడ్లు చెప్పే ముందు బడి క్యాలెండరు ఒకసారి చూడండి. పరీక్షల వారం నాలుగో జ్వరం మీద పడుతుంటే చాకీ తేదీ ఒక వారం జరపమని కేంద్రంలో అడగండి, ముందే చెప్తే చాలామంది సర్దుతారు. 200 గుడ్లకు ఇంట్లో చేతులు చాలవనుకుంటే 150 పెట్టుకోండి. లేదా పక్క రైతుతో మాట్లాడుకుని తేదీలు మార్చుకుంటే, ఈ వారం వాళ్ళు మీకు, పై వారం మీరు వాళ్ళకు.