అష్టలక్ష్ముల దారిలో అలక్ష్మి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే దారిలో, హైదరాబాద్ కొత్తపేట వాసవీ కాలనీలో అష్టలక్ష్మి ఆలయం ఉంది. కంచి కామకోటి పీఠం అండతో నిర్మాణమై 1996లో ప్రతిష్ఠ జరుపుకున్న ఈ గుడిలో ఆదిలక్ష్మి, ధాన్యలక్ష్మి, గజలక్ష్మి... ఇలా ఎనమండుగురు కొలువై ఉన్నారు. లక్ష్మికి ఓ అక్క కూడా ఉంది. పేరు జ్యేష్ఠ. అలక్ష్మి అన్నా, దరిద్రదేవత అన్నా ఆమే. ఆమెకు ఈ గుడిలోనే కాదు, ఊళ్లో ఏ గుడిలోనూ పూజ కనిపించదు. అయినా ఆమెను తలుచుకోని రోజు ఈ దారిలో ఉండదు.

శనివారం పొద్దున్నే చూడండి. షట్టర్లు లేస్తుండగానే నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండలు పట్టుకుని కుర్రాళ్లు దుకాణం దుకాణానికీ తిరుగుతారు. నల్లదారానికి ఏడు మిరపకాయలు, ఓ నిమ్మకాయ, కొన్నిటికి అడుగున బొగ్గుముక్క. పాతది తెంపి పారేస్తారు, కొత్తది గుమ్మానికి కడతారు. బట్టల కొట్టు, సెల్‌ఫోన్ల షాపు, టిఫిన్ సెంటర్, ఆటో, దేనికీ మినహాయింపు లేదు. ఎందుకు కడుతున్నారంటే చాలామంది దిష్టికి అంటారు. పెద్దవాళ్లనడిగితే ఇంకో మాట చెబుతారు. అలక్ష్మికి పులుపూ కారమూ ఇష్టమట. గుమ్మంలోనే కడుపు నిండితే లోపలికి రాకుండా వెళ్లిపోతుందట.

ఇంతకీ ఆవిడ లోపలికొస్తే ఏమవుతుంది? పురాణాలు ఒక ఇంటి సంగతి చెప్పి ఊరుకోలేదు. ఒక రాజ్యమే ఎలా కూలిందో చెప్పాయి.

ఆ రాజ్యం త్రిపురం. తారకాసురుడి కొడుకులు తారకాక్షుడు, కమలాక్షుడు, విద్యున్మాలి కోసం దానవశిల్పి మయుడు కట్టిన మూడు నగరాలు. ఒకటి ఇనుముతో, ఒకటి వెండితో, ఒకటి బంగారంతో. మూడూ ఒక్క వరుసలోకి వచ్చినప్పుడు ఒకే ఒక్క బాణంతో కొడితే తప్ప కూలవు. ఆ నగరాల్లో ఉన్నవాళ్లు శివభక్తులు. రాక్షసులే గానీ, మొదట్లో ధర్మం తప్పినవాళ్లు కారు.

మత్స్యపురాణం చెప్పే కథలో ఓ సాయంసంధ్య వేళ అలక్ష్మి ఆ పురంలోకి ప్రవేశించింది. ఒంటరిగా రాలేదు. అసూయ, అత్యాశ, ఆకలి, కలి, కలహం ఆమె వెంట వచ్చాయి. మయుడికి కలలో భయంకరమైన ఆకారాలు నగరంలోకి చొరబడుతూ కనిపించాయి. తెల్లవారాక దానవులందరినీ పిలిచి ఆ కల చెప్పాడు. అసూయ మానుకోండి, శివుణ్ణి శరణు వేడండి అని బతిమాలాడు. వాళ్ల చెవికెక్కలేదు. ఒకళ్లంటే ఒకళ్లకు పడకుండా పోయింది, పెద్దలంటే లెక్కలేకుండా పోయింది. మూడు నగరాలనూ కట్టిన చేతులకే వాటిని కాపాడుకునే దారి దొరకలేదు. ఆ కథలో అన్నిటికంటే దుఃఖం కలిగించే ఘట్టం మయుడిదే. చివరికి శివుడి బాణం పడింది. కార్తీక పౌర్ణమిని త్రిపుర పౌర్ణమి అనడం వెనుక ఉన్నది ఈ సంహారమే.

లింగపురాణంలో వరుస మారింది. అక్కడ ముందు పురవాసులు ఓ బోధకుడి మాయలో పడి శివపూజ వదిలేశారు, నడవడి తప్పారు. ఆ తర్వాతే లక్ష్మి వెళ్లిపోయింది, అలక్ష్మి అడుగుపెట్టింది. ఆవిడ రాకవల్ల రాజ్యం చెడిందా, రాజ్యం చెడ్డాక ఆవిడ వచ్చిందా? పురాణాల్లో రెండు మాటలూ ఉన్నాయి. నిలబడే మాట మాత్రం రెండోదే. అందుకు సాక్షి స్వయంగా లక్ష్మీదేవి.

మహాభారతం శాంతిపర్వంలో ఆమె ఇంద్రుడి దగ్గరకు వచ్చి, ఇన్నాళ్లూ దానవుల దగ్గరే ఉన్నాను, ఇక ఉండలేక వచ్చేశాను అంటుంది. ఎందుకని అడిగితే పెద్ద పాపాలతో పాటు ఇంట్లో జరిగే చిన్న చిన్న తప్పులనూ ఏకరువు పెడుతుంది. ఇంట్లో చిన్నపిల్లలు చూస్తుండగా వాళ్లకు పెట్టకుండా పెద్దవాళ్లు తినేయడం మొదలుపెట్టారంటుంది. కట్టేసిన పశువులకు మేత వేయలేదంటుంది. పాలమీద మూత పెట్టలేదు, ఎంగిలిచేత్తో నెయ్యి ముట్టుకున్నారు, పార, కొడవలి, బుట్ట, కంచుగిన్నె ఎక్కడివక్కడ పడేశారు, గోడ కూలితే బాగుచేయలేదు, పొద్దెక్కేదాకా పడుకున్నారు, రోజూ ఇంటింటా తగాదాలే. ఒక నాగరికత ఎలా పాడవుతుందో ఇంతకంటే దగ్గరగా చూపించిన వర్ణన అరుదు. భర్త మీద భార్య పెత్తనం చేయడాన్ని కూడా ఆ జాబితాలో తప్పుగానే రాశారు. అది ఆనాటి చూపు, ఈనాడు మోయనక్కర్లేదు. తక్కిన జాబితా మాత్రం ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది. పిల్లలకు పెట్టకుండా తిన్నది ఇంట్లో పెద్దలంతా, ఒక్క కోడలు కాదు.

అలక్ష్మి సొంత కథ విన్నా ఇదే తేలుతుంది. పాలసముద్రం చిలికినప్పుడు చెల్లెలికంటే ముందు పుట్టింది. పద్మపురాణం ప్రకారం, అక్క పెళ్లి కాకుండా నేనెలా చేసుకుంటానని లక్ష్మి అడిగితే, విష్ణువు ఆమెను ఉద్దాలక మహర్షికిచ్చి పెళ్లి చేశాడు. ఆశ్రమం వాకిట్లోకి రాగానే ఆమె ఆగిపోయింది. వేదఘోష వినిపించేచోట, అతిథులకు అన్నం పెట్టేచోట నేనుండలేనంది. ఆలుమగలు కొట్టుకునేచోటు, పెద్దల్ని తూలనాడేచోటు, జూదమాడేచోటు చూపించమంది. మహర్షి ఆమెను ఓ రావిచెట్టు కింద కూర్చోబెట్టి, చోటు వెతికి వస్తానని వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఆమె ఏడుపు విని లక్ష్మి భర్తతో సహా వచ్చింది. విష్ణువు ఆ చెట్టునే ఆమెకు నివాసంగా ఇచ్చాడు. శనివారం తప్ప మిగతా రోజుల్లో రావిచెట్టును తాకకూడదని ఇళ్లలో చెప్పేది అందుకే. ఆ ఒక్కరోజు చెల్లెలు అక్కను చూడ్డానికి వస్తుందట.

ఈమెను జనం ఎప్పుడూ తరిమేస్తూనే ఉన్నారనుకోవడం కూడా సరికాదు. బౌధాయన గృహ్యసూత్రాల సంప్రదాయంలో జ్యేష్ఠకు పూజావిధానం ఉంది. పల్లవుల, పాండ్యుల, చోళుల కాలంలో తమిళనాట ఆమెకు విగ్రహాలు చెక్కారు. కంచి కైలాసనాథాలయంలో ఉంది. మదురై దగ్గర తిరుప్పరంకుండ్రంలో 8వ శతాబ్దంలో ఓ పాండ్య సేనాని భార్య ఆమెకు గుడి తొలిపించింది. లావుపాటి పొట్ట, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్న తీరు, పక్కన ఎద్దుముఖం కొడుకు, ఓ కూతురు, కాకిజెండా, చీపురు. ఇవే ఆమె గుర్తులు. చూస్తే పిల్లల తల్లిలాగే ఉంటుంది. తర్వాతి శతాబ్దాల్లో ఆ పూజ మెల్లగా అంతరించింది.

తెలంగాణ మరో దారి పట్టింది. మశూచి, కలరా వంటి రోగాలు తెచ్చే కోపమూ, వాటినుంచి కాపాడే చల్లని చూపూ ఇక్కడ ఒక్క అమ్మవారివే. అందుకే ఆషాఢంలో పోచమ్మకు, మైసమ్మకు, ఎల్లమ్మకు బోనమెత్తుతారు. కోపగించిన తల్లిని ఎవరూ గుమ్మం బయట ఆపరు, శాంతించమని బతిమాలతారు. అలక్ష్మికి ఆ మర్యాద దక్కలేదు.

దేవతకు దక్కకపోతే పోనీ. ఆ పేరు మనుషుల మీద పడడమే అసలు అన్యాయం. కొత్త కోడలు వచ్చిన ఏడాదే వ్యాపారం దెబ్బతింటే, ఆడపిల్ల పుట్టిన నెలలోనే ఉద్యోగం పోతే, నోటికొచ్చే మొదటి మాట దరిద్రదేవత. భర్త పోయినావిడ శుభకార్యంలో ఎదురొస్తే మొహం తిప్పుకోవడం కూడా అలాంటిదే. లింగపురాణంలోని త్రిపురం కథనో శాంతిపర్వాన్నో నమ్మేవాళ్లు ఈ మాట అనకూడదు. అలక్ష్మి ఒక మనిషి పాదం పట్టుకుని ఇంట్లోకి వస్తుందని అవి చెప్పలేదు. ఇంటివాళ్ల నడవడి చూసి వస్తుందన్నాయి.

చట్టం కూడా దీన్ని చిన్నమాటగా వదిలేయలేదు. 2005 గృహహింస చట్టం దెబ్బలనే కాదు, పేర్లు పెట్టి అవమానించడాన్ని, పిల్లలు లేరనో మగపిల్లాడు లేడనో ఎత్తిపొడవడాన్ని కూడా హింస కిందే లెక్కించింది. బాధితులు మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లి రక్షణ కోరవచ్చు. తెలంగాణలో మహిళల సహాయ నంబరు 181. గుమ్మానికి నిమ్మకాయలు కట్టుకునేవాళ్లు కట్టుకోండి. ఆ గుమ్మం లోపల ఏ ఆడపిల్లనూ ఆ పేరుతో పిలవకండి. ఎవరైనా పిలుస్తుంటే ఆ నంబరు ఆమెకు చెప్పండి.