కట్ట కింద కాలేజీ

డ్యామ్ అనగానే మనకు తుంగభద్రో, నాగార్జునసాగరో గుర్తుకొస్తుంది. నేను రాస్తున్నది అంత పెద్దదాని గురించి కాదు. ఒక కాలేజీకి సొంతమైన మట్టికట్ట గురించి.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో టొక్కోవా ఫాల్స్ కాలేజీ ఉంది. దానికి ఎగువన కెల్లీ బార్న్స్ అనే చెరువు ఉండేది. కట్ట ఎత్తు సుమారు 40 అడుగులు, పొడవు 400 అడుగులు, అంతే. 1977 నవంబరు 6, తెల్లవారితే ఆదివారం. కొన్ని రోజులుగా వాన. రాత్రి ఒంటిగంటన్నరకు కట్ట తెగింది. నీళ్లు 186 అడుగుల జలపాతం మీదనుంచి దూకి, నిద్రపోతున్న కాలేజీ మీద పడ్డాయి. 39 మంది పోయారు. అందులో చిన్నపిల్లలు చాలామంది. ఆ రాత్రే ఇద్దరు వెళ్లి కట్టను చూసి, పరవాలేదు అనుకొని దిగి వచ్చారట. ఈ మాట చదివాక నాకు ముందుకు చదవబుద్ధి కాలేదు.

ఎందుకు తెగింది? 1899లో కరెంటు కోసం రాళ్లు, దుంగలతో చిన్న అడ్డుకట్ట వేశారు. తర్వాత దానిమీదే మట్టి పోశారు, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంకా ఎత్తు పెంచారు. సరైన నక్షా అంటూ ఏదీ లేదు. 1957లో కరెంటు తీయడం ఆగిపోయింది. ఆ తర్వాత చెరువు చూడ్డానికి, చేపలు పట్టడానికే. పని ఆగిపోయిన కట్టను ఎవరు పట్టించుకుంటారు? చెట్లు మొలిచాయి. 1973లో తీసిన ఒక ఫోటోలో కట్ట వెనక వాలు జారి కనిపిస్తుంది. నాలుగేళ్లు అది అలాగే ఉంది.

విచారణ చేసినవాళ్లు ఇదొక్కటే కారణమని తేల్చలేదు. నిటారు వాలు జారడం, లోపల బుంగ పడటం కలిసి జరిగి ఉండొచ్చన్నారు. బుంగ సంగతి కొంచెం చెప్పాలి. మట్టికట్టలో ఊట ఉండనే ఉంటుంది, అది తప్పు కాదు. ఆ ఊట మట్టిని కూడా మోసుకొస్తేనే ప్రమాదం. ఒక్కో రేణువూ పోతూ లోపల సొరంగం ఏర్పడుతుంది, పైకి ఏమీ తెలియదు. చెట్టు చచ్చి వేరు కుళ్లితే నీళ్లకు దారి ముందే తయారు. ఎలుక, ఎండ్రకాయ బొరియలూ అంతే. మా అవ్వ దీన్నే ఒక్క మాటలో చెప్పింది: "ఊట తేటగా వస్తే నిద్రపోవచ్చు, ఎర్రగా వస్తే ఊరు లేపాల."

ఇంకోటి మరవ. మా అమ్మ కన్నడంలో కోడి అంటుంది. ఎక్కువైన నీళ్లు పోయే దారి అది. అది పూడిపోతే, లేదా చేపలు పోతాయని ఎవరైనా అడ్డం కడితే, నీళ్లు కట్ట మీదనుంచే పొర్లుతాయి. మట్టికట్ట దాన్ని ఎక్కువసేపు ఓర్చుకోలేదు.

అప్పటి అధ్యక్షుడు కార్టర్ జార్జియా మనిషే. ఈ దుర్ఘటన తర్వాత ఆయన ఆదేశంతో సుమారు 9 వేల కట్టలు తనిఖీ చేస్తే, మూడోవంతు దాకా సురక్షితం కాదని తేలింది. అలాంటి చట్టం 1972 నుంచే ఉంది. డబ్బు ఇవ్వలేదు, అంతే.

మనకు 2021లో డ్యామ్ భద్రత చట్టం వచ్చింది. సొంత కట్టల యజమానులకూ వర్తిస్తుంది, మంచిదే. కానీ 15 మీటర్ల పైన ఎత్తుండాలి. 10 నుంచి 15 మధ్య ఉంటే 500 మీటర్ల పొడవో, 10 లక్షల ఘనమీటర్ల నీళ్లో, ఇలాంటి షరతు ఇంకొకటి ఉండాలి. 39 మందిని తీసుకుపోయిన ఆ కట్ట ఎత్తు సుమారు 12 మీటర్లు, పొడవు 120. ఈ రెండు కొలతలతో అయితే మన చట్టం కిందికి రాదు.

మా అవ్వ వాళ్ల వీధికి పైన ఒకరి తోపులో కట్ట ఉంది. దానిమీద సర్కారు తుమ్మ బాగా పెరిగింది. నీడ బాగుంటుందని చిన్నప్పుడు అక్కడే ఆడుకునేవాళ్లం. పోయిన వారం అవ్వతో కలిసి వెనక వాలు దిగి చూశాను. ఊట ఉంది. తేటగానే ఉంది.