వ్యాధి తెలియని వీథిపిల్లి: అపోహలు, వాస్తవములు

ఎవరికిని చెందని పిల్లి యొకటి మెడ వ్రాల్చి, నడవబోయి తూలిపడుచు, కన్నులలో సగము తెల్లని పొర క్రమ్మి గోడవార పడియుండగా, దయగల యిల్లాలో బడికి బోవు పిల్లవాడో దానిని బుట్టలో నుంచి యింటికి దెచ్చినతోడనే ఇరుగుపొరుగుల సలహాలు వరుసగా వచ్చిపడును. దిష్టి తగిలినదని యొకరు, విషము తిన్నదని వేఱొకరు, పాలు పోయుడని యొకరు, జ్వరపుబిళ్ళ నూరి పట్టుడని మఱియొకరు, ఇంటనుంచుకొన్నచో పసిబిడ్డలకు ఆయాసము పట్టునని ఇంకొకరు చెప్పుదురు. చెప్పువారందఱును మేలుకోరువారే; కాని యీ మాటలలో పెక్కు అసత్యములు, కొన్ని ప్రాణాంతకములు. వ్యాధి యేదో తెలియని ప్రాణికి మనము చేయదగిన మొదటి యుపకారము తెలిసినట్లు చికిత్స చేయకుండుట. రెండవది, దాని వ్యాధిని పోల్చుకొనుటకు వలసిన యానవాళ్ళను ఓపికతో గమనించి పశువైద్యుని ముందుంచుట. ఈ రెంటికిని అడ్డుపడు అపోహలు మన యిండ్లలో చాలనున్నవి.

ఆ కంటిపొర సంగతియే చూడుడు. దానిని చూచి "కంటికి పువ్వు వేసినది, ఇక చూపు రాదు" అందురు. పిల్లికి ముక్కు ప్రక్కనుండి అడ్డముగా వచ్చు మూడవ ఱెప్ప యొకటి కలదు. ఆరోగ్యముగా నున్నప్పుడది కనబడదు. జ్వరము, నీరసము, ప్రేవులలో వ్యాధి కలిగినప్పుడు రెండు కన్నులను కొంతవఱకు కప్పును. వ్యాధి తగ్గగానే పొరయు తొలగును. అందుచేత దానికి కంటిమందులు వేయుటకంటె దేహమంతయు పరీక్షింపజేయుట యవసరము.

అన్నిటికంటె గట్టిగా పాతుకొన్న యపోహ, తూలి నడచు పిల్లికి పక్షవాతము వచ్చినదనియు, అది యిక బ్రతుకదనియు. తూలుట యొక్కటే యైనను కారణములు పెక్కు. తల్లి చూలుతో నున్నప్పుడు పాన్‌ల్యుకోపీనియా అను వైరసువ్యాధి సోకినచో, ఆ వైరసు గర్భములోని కూనల చిన్నమెదడులో త్వరత్వరగా విభజన చెందుచున్న కణములను నాశనము చేయును. అట్టి కూన నడక నేర్చుకొను వేళకు కాళ్ళు ఎడముగా పెట్టి ఊగుచు నడచును. గిన్నెవైపు ముఖము చాచినప్పుడు తల వణకును. నిద్రలో ఆ వణకు అణగిపోవును. ఈ లోపమునకు మందు లేదు. కాని యిది నొప్పి కలిగింపదు, నానాటికి ముదురదు, వేఱొక పిల్లికి ఆ తూలుడు అంటదు. మేడ యంచులును నిటారు మెట్లును లేనిచోట, జాఱని నేలపై, అట్టి పిల్లి తక్కిన పిల్లులవలెనే యేండ్లతరబడి సుఖముగా బ్రతుకగలదు. బాధ యెఱుగని ప్రాణిని జాలిపేర చంపించుట అన్యాయము. అయితే వణకు వారము వారమునకు హెచ్చుచున్నచో అది వేఱు వ్యాధియని గ్రహింపవలెను.

నిన్నటివఱకు చక్కగా తిరిగిన పిల్లి నేడు తల ఒక ప్రక్కకు వాల్చి, కనుగ్రుడ్లు ఇటునటు కొట్టుకొనుచుండగా గుండ్రముగా తిరుగుచున్నచో, లోపము లోపలి చెవిలో నుండవచ్చును. చెవిలో చీము పట్టుట, కండ పెరుగుట, దెబ్బ తగులుట దీనికి కారణములు. ఎంత వెదకినను కారణము దొరకని సందర్భములును కలవు, అట్టివానిలో పెక్కు రెండు మూడు వారములలో వానంతట నవియే కుదుటపడును. ఇక వెనుకకాళ్ళు హఠాత్తుగా పడిపోయి, పిల్లి బాధతో అఱచుచు, ఆ పాదములు తాకిచూడగా చల్లబడి, అరికాలి మెత్తలు పాలిపోయి యున్నచో, ఎవరో కఱ్ఱతో కొట్టినారని శంకించుటకు ముందు హృద్రోగమును శంకింపవలెను. గుండెకండరము చెడిన పిల్లులలో రక్తపుగడ్డ పెద్దధమని చివర చిక్కుకొని కాళ్ళకు నెత్తురు పోనీయకుండుట కలదు. తెల్లవాఱువఱకు వేచియుండుటకు వీలులేని స్థితి యిది.

"పిల్లికి పాలును చేపయు నున్నచో చాలును" అనుమాట తరతరములుగా వినబడుచున్నది. ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలలోని చక్కెరను జీర్ణము చేసికొను శక్తి తగ్గిపోవును. ఆకలిచే గిన్నెడు పాలు త్రాగును. పిమ్మట విరేచనములై, ఇదివఱకే నీరింకిన దేహము మఱింత శుష్కించును. త్రాగుటకు మంచినీరే యుంచవలెను. కన్ను తెరవని కూనలకు ఆవుపాలు చాలవు. వానికై చేసిన పాలపొడి మందులషాపులలోను, పెంపుడు జంతువుల దుకాణములలోను దొరకును. చల్లబడిన కూనకు ముందు వెచ్చదనము, పిదప ఆహారము; బోర్లగా నుంచియే పట్టవలెను, వెల్లకిల పరుండబెట్టి పట్టినచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవును.

శాకాహారుల యిండ్లలో పెరుగన్నముతో పెరిగిన పిల్లి యొకనాడు చీకటిలో గోడలకు తగులుకొనుచు, కొంచెము నడిచిన నాయాసపడుచు నుండుట చూచి, కారణము తెలియక విచారించువారు కలరు. కారణము ఆ గిన్నెలోనే యుండవచ్చును. పిల్లి శరీరము టారిన్ అను పదార్థమును తనకు చాలినంత తయారుచేసికొనజాలదు. అది మాంసమునందును చేపయందును గాని అన్నమునందును పెరుగునందును తగినంత లభింపదు. దాని లోపముచే కంటి లోపలి తెర క్షీణించి గ్రుడ్డితనము కలుగునని 1975లోను, గుండె సాగి బలహీనపడునని 1987లోను అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. గుండెజబ్బు ఈ కారణముచే వచ్చినదైనచో టారిన్ ఇచ్చుటచే చాలవఱకు నయమగును; పోయిన చూపు మాత్రము రాదు. ఇక పచ్చిచేపయే తిని బ్రతుకు పిల్లికి వచ్చు ఆపద వేఱు. కొన్ని జాతుల పచ్చిచేపలలో థయమిన్ అను బి1 విటమినును నాశనము చేయు పదార్థము కలదు. చేపలరేవుల దగ్గఱ పిల్లులకు దయతో వేయు తలలును తోకలును దినదినము ఇవియే యైనచో, కొంతకాలమునకు మెడ క్రిందికి వంగిపోయి, తూలుచు, తుదకు మూర్ఛలు వచ్చును. సకాలమున బి1 సూదిమందు పడినచో ఆశ్చర్యము గొల్పునంత త్వరగా తేఱుకొనును. చేపను ఉడికించి ముళ్ళు తీసి పెట్టినచో ఆ పదార్థము నశించును. ఏమి తినుచుండెనో వైద్యునకు చెప్పినవారికి వ్యాధి పేరు త్వరగా దొరకును.

అపోహలన్నింటిలోను ఘోరమైనది, మనిషికి పనిచేసిన మందు పిల్లికి కొంచెముగా నిచ్చిన పనిచేయునను నమ్మకము. జ్వరమునకు మన మందఱము వాడు పారాసెటమాల్ పిల్లి పాలిటికి కాలకూటము. మన కాలేయము ఆ మందును నిర్విషము చేసి వెలువరించుటకు ఉపయోగించు ఎంజైము పిల్లి కాలేయములో మిక్కిలి తక్కువ. అందుచే విషపదార్థము పోగుపడి ఎఱ్ఱరక్తకణములను చెఱచును, అవి ప్రాణవాయువును మోయలేకపోవును. చిగుళ్ళు గోధుమరంగునకో నీలమునకో తిరుగును, ముఖమును పాదములును వాచును, మూత్రము నల్లబడును. 500 మి.గ్రా. బిళ్ళ యొక్కటియే ప్రాణము తీయజాలును. ఎవరైన తెలియక యిచ్చియుండినచో, విరుగుడుగా ఎసిటైల్ సిస్టీన్ అను మందు కలదు. దాచిపెట్టక వైద్యునితో వెంటనే చెప్పవలెను. ఐబుప్రోఫెన్ మూత్రపిండములను చెఱచును. కుక్కలకు పేలు పోవుటకై వీపున వేయు పెర్మెత్రిన్ మందు పిల్లికి వణకును మూర్ఛలను దెచ్చును. మన యిండ్లలో నేల తుడుచు ఫినాయిల్ సంగతి చాలమంది యెఱుగరు: తడినేలపై నడచిన పిల్లి పాదములను నాకుకొనును, ఆ ద్రవములోని ఫినాల్ జాతి పదార్థములను దాని కాలేయము జీర్ణింపలేదు. రోగిపిల్లి యున్న గదిని సబ్బునీటితో కడిగి, మంచినీటితో తుడిచి ఆరనిచ్చుట క్షేమము.

గుఱగుఱలాడుచున్నది గనుక సుఖముగానే యున్నదనుటయు పొరపాటే; తీవ్రమైన నొప్పిలోను, ప్రసవవేదనలోను, మరణావస్థలోను సైతము పిల్లులు గుఱగుఱలాడును. ముక్కు తడిగా నున్నది గనుక జ్వరము లేదనుటయు నట్టిదే. పిల్లి సహజోష్ణము సుమారు 100.5 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వఱకు నుండును, దానిని తెలుపునది ఉష్ణమాపకమే. రెండు మూడు దినములు తినకున్నను ఆకలైనప్పుడు అదియే తినునని యూరకుండరాదు; పస్తున్న పిల్లి కాలేయములో క్రొవ్వు పేరుకొని కామెర్లు పుట్టి అదియే ప్రాణము తీయుట కలదు. గండుపిల్లి మాటిమాటికి ముక్కుచు కూర్చుండుట చూచి మలబద్ధకమని ఆముదము పట్టువారున్నారు. అది మూత్రము బిగిసిపోవుట కావచ్చును, ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును.

ఇంటివారి భయములను త్రోసిపుచ్చరాదు. వానికి సమాధానము చెప్పవలెను. పిల్లి వెండ్రుక కడుపులోనికి పోయినచో ఆయాసమో కంఠసర్పియో వచ్చునను మాట సత్యము కాదు. కంఠసర్పి మనిషినుండి మనిషికి వ్యాపించు బాక్టీరియా వలన కలుగునది; దానికి టీకా కలదు. పిల్లి పడనివారికి తుమ్ములును ఆయాసమును కలిగించునది దాని ఉమ్మిలోను చర్మములోను పుట్టు ఒక ప్రొటీను. ఆ ప్రొటీను పడని శరీరతత్త్వము గలవారు దూరముగా నుండుట మంచిదే, తక్కినవారికి భయము లేదు. గర్భిణులు టాక్సోప్లాస్మా విషయమై జాగ్రత్తపడుట న్యాయమే. అయితే అది వెండ్రుకలవలన రాదు. సోకిన పిల్లి సాధారణముగా జీవితములో ఒకమారు, కొలది వారములు మాత్రమే మలముద్వారా ఆ క్రిమిని వెలువరించును. ఆ మలము అంటువ్యాధికరమగుటకు కనీస మొక దినమైనను పట్టును. గర్భిణి గాక వేఱొకరు దినదినము మలమును తీసివేసినచో అపాయము మిక్కిలి తగ్గును; సగముడికిన మాంసమును, మట్టి కడుగని కూరగాయలును అంతకంటె నెక్కుడు భయపడదగినవి. చర్మముపై గుండ్రని మచ్చలుగా వచ్చు తామర మాత్రము నిజముగానే మనుష్యులకు అంటును, చికిత్సచే నయమగును.

భయపడవలసినచోట మనవారు భయపడకుండుటయు కలదు. "కఱచినది కుక్క కాదుగదా, పిల్లియే" అని ఊరకుందురు. రేబిస్ పిల్లులకును వచ్చును, పిల్లికాటు వలనను వచ్చును. కాటు గాని, నెత్తురు చిమ్మిన గోటిగీర గాని తగిలినచో గాయమును ధారాపాతమైన నీటితోను సబ్బుతోను 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి టీకా ప్రారంభింపవలెను. కారణము లేక మీదబడి కఱచు, చొంగ కార్చుచు మ్రింగలేని పిల్లిని మీరే పట్టుకొనబూనుట దయ యనిపించుకొనదు.

ఈ కాలమున తిరస్కరింపవలసిన అపోహ మఱియొకటి కలదు. లేతవయస్సు పిల్లికి విడువని జ్వరము, చిక్కిపోవుట, కడుపు నీరుపట్టినట్లు ఉబ్బుట కనబడినప్పుడు, పిల్లులకే పరిమితమైన కరోనావైరసు శరీరములో మార్పు చెందుటచే వచ్చు ఫెలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటోనైటిస్ అను వ్యాధియని తేలినచో, ఒకప్పుడు వైద్యులును చేతులెత్తివేసెడివారు. 2019లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున నీల్స్ పీడర్సన్ బృందము జి.ఎస్.-441524 అను మందుతో 31 పిల్లులకు చికిత్స చేయగా వానిలో 25 చిరకాలము బ్రతికినవి. ఆ చికిత్స వారములతరబడి సాగునది, ఖర్చుతో గూడినది. కాని "మందులేని వ్యాధి" యను మాట నేడు నిజము కాదు. ఈ వైరసు మనుష్యుల కోవిడ్ కాదు. పిల్లి ఎయిడ్సని పిలువబడు మఱియొక వైరసువ్యాధియు మనుష్యులకు అంటదు.

కనుక పిల్లిని తెచ్చుకొన్నవారు ముందుగా దానిని తక్కిన పిల్లులకు దూరముగా, వెలుతురు తక్కువైన నిశ్శబ్దపు గదిలో, దాగుకొనుటకొక అట్టపెట్టె నిచ్చి యుంచుడు. ఎచట దొరకినది, అచట ఎలుకలమందు చల్లిరా, ఏమి తిన్నది, మూత్రమెప్పుడు పోసినది, మలమెట్లున్నది, చిగుళ్ళు గులాబిరంగుననున్నవా, పాలిపోయినవా, పసుపెక్కినవా యని తేదీతో ఒక కాగితముపై వ్రాయుడు. వంటింటి తక్కెడపై దినదినము తూచుడు. మూర్ఛ గాని తూలుడు గాని వచ్చినప్పుడు చేతిలోని ఫోనుతో చిత్రము తీయుడు, వైద్యుని బల్లపై అది మరల కనబడకపోవచ్చును. రాజేంద్రనగరము, తిరుపతి, గన్నవరములలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులలోను, హైదరాబాదు నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలలోను పిల్లులకు సైతము చికిత్స లభించును. మూతగల బుట్టలో నుంచి, ఆ కాగితము చేతబట్టుకొని అచ్చటికి తీసికొనిపొండు.