పెట్టె కన్నా చట్రం ముఖ్యం
తేనెటీగల పెంపకంలోకి దిగే కొత్త రైతులు గమనించాల్సిన కొలతలు

ఉదయగిరి కొండ వాలుల్లో, చెట్టు తొర్రల్లో, పుట్టల్లో తేనెపట్టు మీరు చూసే ఉంటారు. ఆ పుట్టతేనెటీగనే పెట్టెలో పెంచుకోవచ్చు. అయితే కొత్తగా దిగే రైతులు పెట్టె నున్నగా ఉందా, రంగు బాగుందా అని చూస్తారే గాని, లోపలి చట్రాలను పట్టించుకోరు. డబ్బు పోయేది అక్కడే.

ఏ ఈగ? ఏ చట్రం?

ముందు ఈగను తేల్చుకోండి. ఐరోపా ఈగ ఏడాదికి 25 నుంచి 40 కిలోల తేనె ఇస్తుందంటారు. నిజమే గాని, పూత ఉన్న చోటికల్లా పెట్టెలు లారీలో తిప్పాలి, పూత లేనప్పుడు చక్కెర పాకం పెట్టాలి. ఎకరా, రెండెకరాల మెట్ట రైతుకు అది భారం. పుట్టతేనెటీగ ఇచ్చేది 6 నుంచి 8 కిలోలే అయినా, నిమ్మ, నువ్వు, వేప, కానుగ, చింత పూతలతో ఉన్న చోటనే నెట్టుకొస్తుంది.

పుట్టతేనెటీగకు న్యూటన్ రకం పెట్టె సరిపోతుంది. పిల్లగది చట్రం లోపలి కొలత సుమారు 210 మి.మీ. పొడవు, 145 మి.మీ. లోతు. తేనెగది చట్రం లోతు ఇందులో సగం కన్నా తక్కువ. ఐరోపా ఈగ పెట్టుకునే లాంగ్‌స్ట్రాత్ చట్రం పొడవులో దీనికి సుమారు రెట్టింపు ఉంటుంది. ఒకదాని చట్రం మరోదాని పెట్టెలో కూర్చోదు.

పెన్సిలు పరీక్ష

చట్రానికీ పెట్టె గోడకూ మధ్య, చట్రం పైకమ్మీల మధ్య 7 నుంచి 9 మి.మీ. సందు ఉండాలి. అది ఈగ నడిచే దారి. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ ఈ కిటుకు కనిపెట్టాకే పట్టు కోయకుండా చట్రం పైకి తీయడం సాధ్యమైంది. సందు ఎక్కువైతే ఈగలు అక్కడ అడ్డపట్టు కడతాయి. మీరు చట్రం లాగితే పట్టు చిరుగుతుంది, పిల్లలు చస్తాయి, ఈగలు లేచిపోతాయి. తక్కువైతే ఈగ దూరదు, మైనపు పురుగు చేరుతుంది.

కొనేటప్పుడు మామూలు పెన్సిలు ఒకటి జేబులో వేసుకెళ్లండి. అది సందులో అటూ ఇటూ పట్టీ పట్టనట్టు దూరితే కొలత సరైనట్టే. ఒక చట్రం నడిమి నుంచి పక్క చట్రం నడిమికి సుమారు 31 మి.మీ. ఉండాలి. ఐరోపా ఈగకైతే 35.

చెక్క, తీగ, మైనం

చెక్క చెంచాలకు పేరుబడ్డ ఉదయగిరిలో మంచి పనివాళ్లకు కొదవ లేదు. చట్రాలు ఊళ్లోనే చేయించుకోవచ్చు. అయితే నోటి లెక్క చెప్పకండి. సరైన చట్రం ఒకటి తెచ్చి నమూనాగా ముందుంచండి. కలప బాగా ఆరినదై, వాసన లేనిదై ఉండాలి. చట్రాలకు రంగు వేయొద్దు.

మన ఎండలకు కొత్త పట్టు మెత్తబడి జారుతుంది. అందుకే పిల్లగది చట్రాలకు తుప్పు పట్టని సన్నతీగ బిగించండి, పెట్టెను చెట్టు నీడన ఉంచండి. మైనపు రేకు కొనేటప్పుడు పుట్టతేనెటీగకు తగిన చిన్న గడులదే అడగండి. దొరక్కపోతే పైకమ్మీ కింద వేలెడు వెడల్పున శుద్ధమైన మైనపు ముక్క అతికించినా చాలు, మిగతాది ఈగలే కట్టుకుంటాయి.

పాత పట్టు వద్దు

చవకగా వస్తున్నాయని పాత పట్టున్న చట్రాలు కొనకండి. 1991 తర్వాత థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణాదిన పుట్టతేనెటీగలను ఊడ్చిపెట్టింది. రోగపు పిల్లలున్న పట్టుతో తెగులు మీ పెట్టెకూ రావచ్చు.

మొదట రెండు పెట్టెలతోనే మొదలుపెట్టండి. ఒకటి బలహీనపడితే రెండోదాని చట్రం ఇచ్చి నిలబెట్టవచ్చు. అందుకే రెండింటి చట్రాలూ ఒకే కొలతవి కావాలి. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2017లో తేనె మిషన్ మొదలుపెట్టింది. అలాంటి పథకాల్లో పెట్టెలు తీసుకునేవారు కూడా అవి ఏ ఈగవో, ఏ కొలతవో అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.