6.4 తొలి ప్లగిన్: వ్యాసానికి పఠన సమయం చూపడం

గత భాగంలో వర్డ్‌ప్రెస్ థీమ్ ఫైళ్లను పరిశీలించారు. కొత్త సౌకర్యం కావాలంటే ఆ ఫైళ్లలోనే నాలుగు పంక్తులు చేరిస్తే చాలు కదా అని మీకు అనిపించి ఉంటుంది. చాలు, కానీ థీమ్‌కు కొత్త వెర్షన్ వచ్చేదాకానే. అప్‌డేట్ పాత ఫైళ్లను తీసేసి కొత్తవి పెడుతుంది. మీరు రాసింది కూడా వాటితోపాటే పోతుంది. వర్డ్‌ప్రెస్ మూల ఫైళ్ల సంగతీ అంతే. కాబట్టి మన కోడు విడిగా ఉండాలి, అయినా అవసరమైన సమయానికి పనిచేయాలి. 2004లో వెలువడిన 1.2 వెర్షన్ నుంచి ఇందుకు ప్లగిన్ అనే ఏర్పాటు ఉంది.

ఒక పేజీని తయారుచేసే క్రమంలో వర్డ్‌ప్రెస్ ఎన్నో చోట్ల ఆగి, ఇక్కడ పని ఉన్నవారు ఎవరైనా ఉన్నారా అని చూస్తుంది. ఆ చోట్లను హుక్‌లు అంటారు. ఇవి రెండు రకాలు. యాక్షన్ అనే హుక్ ఫలానా ఘట్టం వచ్చిందని మీ ఫంక్షన్‌కు తెలియజేస్తుంది, తిరిగి ఏమీ ఆశించదు. ఫిల్టర్ అలా కాదు. అది ఒక విలువను మీ ఫంక్షన్ చేతికి ఇస్తుంది. దాన్ని మార్చినా, మార్చకపోయినా తప్పక తిరిగి ఇచ్చేయాలి. రిటర్న్ అనే ఆ ఒక్క పంక్తి మరిస్తే సైటులోని వ్యాసాలన్నీ ఖాళీగా కనిపిస్తాయి. డేటాబేస్‌లో వ్యాసాలు భద్రంగానే ఉంటాయి, కానీ చూసినవారికి ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు ప్రతి వ్యాసం పైన "చదవడానికి సుమారు 5 నిమిషాలు" అని చూపే ప్లగిన్ రాద్దాం. ఆదేశాల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, పదాల మధ్య అండర్‌స్కోరుతో రాయండి.

డబ్ల్యుపి-కంటెంట్ ఫోల్డరులోని ప్లగిన్స్‌లో కొత్త ఫోల్డరు, అందులో ఒక పీహెచ్‌పీ ఫైలు సృష్టించండి. ఫైలు మొదట్లో వ్యాఖ్యగా "ప్లగిన్ నేమ్", పక్కన కోలన్, ఆపై మీ ప్లగిన్ పేరు ఉండాలి. ఈ ఒక్క వివరం ఉంటే చాలు, అడ్మిన్ పేజీలోని ప్లగిన్ల జాబితాలో మీది కనిపిస్తుంది.

తరువాత, వ్యాసాన్ని తీసుకునే ఒక ఫంక్షన్ రాయండి. దాని పేరు ముందు మీకే ప్రత్యేకమైన నాలుగైదు అక్షరాలు చేర్చండి. రెండు ప్లగిన్లలో ఒకే పేరుతో ఫంక్షన్ ఉంటే పీహెచ్‌పీ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఫంక్షన్ లోపల, చూపుతున్నది విడి వ్యాసమేనా అని ఈజ్ సింగులర్ ద్వారా ముందు పరీక్షించండి. కాకపోతే వచ్చిన వ్యాసాన్ని అలాగే తిప్పి పంపండి. అవునంటే డబ్ల్యుపి స్ట్రిప్ ఆల్ ట్యాగ్స్‌తో హెచ్‌టీఎంఎల్ గుర్తులు తీసేసి పదాలు లెక్కించాలి.

ఇక్కడ తెలుగు సైటుకు ఒక చిక్కు ఉంది. చాలా పాఠాల్లో కనిపించే స్ట్ర్ వర్డ్ కౌంట్ ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకున్న ఫంక్షన్. తెలుగు పదాలను అది సరిగా లెక్కించలేదు. దాని బదులు ప్రెగ్ స్ప్లిట్‌తో, యూనికోడ్‌ను సూచించే యు గుర్తు చేర్చి, వ్యాసాన్ని ఖాళీల దగ్గర విడగొట్టి ముక్కలను లెక్కించండి. నిమిషానికి ఎన్ని పదాలు అన్నది మీ నిర్ణయం. ఇంగ్లీషు లెక్కలను మాత్రం తెచ్చి పెట్టకండి. "వెళ్లలేకపోయినవాళ్లకు" అన్నది మనకు ఒకే పదం, ఇంగ్లీషులో అది ఐదారు పదాలు. 120 అనుకుంటే 600 పదాల వ్యాసానికి 5 నిమిషాలు వస్తుంది. భిన్నం వస్తే సీల్‌తో పై సంఖ్యకు సవరించండి. ఈ వాక్యాన్ని వ్యాసం ముందు చేర్చి రిటర్న్ చేయండి.

చివరగా, ఫంక్షన్ బయట, యాడ్ ఫిల్టర్‌తో ద కంటెంట్ అనే హుక్‌కు మీ ఫంక్షన్ పేరును జతచేయండి. ఇది లేకపోతే ఫంక్షన్ ఉన్నా దాన్ని పిలిచేవారు ఉండరు.

తొలి ప్రయత్నాన్ని నడుస్తున్న సైటు మీద కాక, మీ కంప్యూటర్‌లో స్థాపించుకున్న వర్డ్‌ప్రెస్ మీద చేయండి. ఒక్క సెమీకోలన్ తప్పినా సైటు మొత్తం ఆగవచ్చు. 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి ఇలాంటప్పుడు నిర్వాహకుడి ఈమెయిల్‌కు రికవరీ లింకు వస్తుంది. మెయిల్ అందకపోతే కంగారుపడనక్కరలేదు. ఫైల్ మేనేజర్‌లో మీ ప్లగిన్ ఫోల్డరు పేరు మార్చండి. ఆ పేరుతో ఫైలు దొరకక వర్డ్‌ప్రెస్ దాన్ని వదిలేసి, సైటును తిరిగి తెరుస్తుంది.

అభ్యాసం: పఠన సమయం వ్యాసం పైన కాక చివర కనిపించేలా మార్చండి. ఆ తరువాత థీమ్‌ను మార్చి చూసి, ఏది మారిందో, ఏది మారలేదో, ఎందుకో రాయండి.