రాయిగా మారిన పాచి

పిల్లలూ! అల్లూరు తీరాన ఉప్పుమళ్ళ అడుగున జిగట పాచిని చూశారా? అటువంటి పాచే కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు డోలమైట్ రాళ్ళలో పొరలు పొరలుగా గుర్తులు మిగిల్చింది. ఆ పొరల రాళ్ళే స్ట్రొమటోలైట్లు. వయసు 180 కోట్ల ఏళ్ళ పైమాటే!

అప్పుడక్కడ లోతు తక్కువ సముద్రం. అడుగున సయనోబాక్టీరియా చాపలా పరుచుకునేవి. సన్నని మట్టి, సున్నం ఆ జిగురుకు అంటుకునేవి. వెలుతురు తగ్గగానే అవి పైకి పాకి కొత్త చాప పరిచేవి. ఇలా పొర మీద పొర, ఉల్లిపాయలా! క్రమంగా అంతా గట్టిపడి రాయి అయింది. ఇటువంటి సూక్ష్మజీవులు విడిచిన ఆక్సిజనే మొదట గాలిలో చేరింది.

కోసి నునుపు చేస్తే చారలు అందంగా కనిపిస్తాయి. అందుకే సేకరించేవారికి ఇవంటే మోజు. కాని కొండ నుంచి ఊడదీసిన రాయి తన కిందా పైనా ఏ రాళ్ళున్నాయో చెప్పలేదు. కనిపిస్తే కొలవండి, బొమ్మ గీయండి. రాయిని మాత్రం అక్కడే ఉండనివ్వండి.