ప్రోగ్రామ్ రాసే పిల్లలకు కొన్ని జాగ్రత్తలు



ఈ ఏడాది స్కాలర్‌షిప్పు తీసుకుంటున్న వారిలో బి.సి.ఎ., ఎం.సి.ఎ., బి.టెక్. చదివే పిల్లలు చాలామంది ఉన్నారని, వారికి పనికొచ్చేలా నాలుగు మాటలు రాయమని కమిటీ పెద్దలు అడిగారు. నేను బరంపురంలో పుట్టి పెరిగి, హైదరాబాదులో ప్రోగ్రామర్‌గా పని చేస్తున్నాను. పుస్తకాల్లో దొరికే సంగతులు మీ లెక్చరర్లు ఎలాగూ చెబుతారు. నేను చేసిన తప్పుల గురించి రాస్తే ఎక్కువ ఉపయోగం అనిపించింది. వాటిలో పెద్దది మన ట్రస్టు పనిలోనే జరిగింది.

2014లో స్కాలర్‌షిప్పు దరఖాస్తుల జాబితా తయారు చేయడానికి ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి ఇచ్చాను. బరంపురం, ఛత్రపురం, గోపాలపురం నుంచి వచ్చిన కాగితాలను ముగ్గురు వేర్వేరుగా టైపు చేసేవారు. ఒకే దరఖాస్తు రెండుసార్లు ఎక్కేది. అందుకని పేరు, బడి, తరగతి మూడూ కలిస్తే రెండోదాన్ని తీసేయమని ప్రోగ్రామ్‌కు చెప్పాను. తండ్రి పేరు కాలమ్ కూడా ఉంది. కానీ దాని స్పెల్లింగు ఒక్కొక్కరు ఒక్కోలా కొడుతున్నారని పోల్చకుండా వదిలేశాను. ప్రోగ్రామ్ నడిచింది, కొన్ని డూప్లికేట్లు తీసేసింది. పని తేలికైందని అందరూ మెచ్చుకున్నారు.

జాబితా గోడకు అంటించిన మర్నాడు ఒక పెద్దాయన వచ్చారు. "మా పాప పేరు ఉంది గానీ, అది మా పాప కాదు బాబూ" అన్నారు. నాకు మొదట అర్థం కాలేదు. విషయమేమిటంటే, ఆయనా ఆయన తమ్ముడూ తమ కూతుళ్లకు వాళ్ల అమ్మ పేరే పెట్టుకున్నారు. ఇంటిపేరు ఒకటే, పిల్ల పేరు ఒకటే, బడి ఒకటే, తరగతీ ఒకటే. మన ఇళ్లలో నాయనమ్మ పేరు ఇద్దరు ముగ్గురు మనవరాళ్లకు ఉండడం వింతేమీ కాదు. అది నాకు తెలియనిదా? మా ఇంట్లోనే ఉంది. అయినా ప్రోగ్రామ్ రాసేటప్పుడు గుర్తు రాలేదు. తమ్ముడి కూతురు జాబితాలో మిగిలింది, ఈయన కూతురు పోయింది. కమిటీ మళ్లీ కూర్చుని డబ్బు మంజూరు చేసేసరికి రెండు నెలలు పట్టింది. ఈలోగా ప్లస్ టూ అడ్మిషన్ ఫీజుకు ఆయన వడ్డీకి అప్పు తెచ్చారు. ఆ వడ్డీ నా ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస ఖరీదు.

ఇందులో తప్పులు రెండు. ఒకటి, పేరును మనిషికి గుర్తుగా వాడడం. దరఖాస్తు చేతికి అందగానే ఒక నంబరు వేసి, ఆ నంబరుతోనే అంతా నడపాలి. పేరు చదువుకోవడానికే. రెండోది ఇంకా పెద్దది: అనుమానం వచ్చిన వరుసను ప్రోగ్రామ్ తనంతట తానే తీసేయడం. "ఈ రెండూ ఒకటేనేమో చూడండి" అని చూపించి ఊరుకోవాలి, తీసేసే పని మనిషి చేయాలి. తీసేసినవి కూడా వేరే ఫైలులో ఉండాలి. ఆ ఫైలు ఉండి ఉంటే నా తప్పు ఆ రోజే దొరికేది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. అది ఒకే మనిషిని ఇద్దరుగా లెక్కించడం. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా ఆఫీసుల్లో చివర రాస్తారు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాన్ కార్డులో పూర్తిగా ఉంటుంది. పేరును మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గళ్లుగా విడగొట్టే ఫారం మన పిల్లలకు ఎప్పుడూ తంటాయే. మీరు ఫారం తయారు చేస్తే పేరుకు ఒకటే పెద్ద గడి పెట్టండి. తల్లిదండ్రులకు నా మనవి: పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్న స్పెల్లింగునే బ్యాంకులోనూ ఆధార్‌లోనూ ఉంచండి.

ఊరి పేరూ అంతే. మన ఊరు ఇంగ్లీషు కాగితాల్లో ఒకచోట బెర్హంపూర్, ఇంకోచోట బ్రహ్మపూర్. పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బెర్హంపూర్ ఉంది. రాష్ట్రం పేరు 2011లో ఒరిస్సా నుంచి ఒడిశాగా మారింది. పాత సర్టిఫికెట్లలో పాత పేరే ఉంటుంది. కాబట్టి అక్షరాలు పోల్చి ఊరు తేల్చకండి, పిన్‌కోడ్ కూడా తీసుకోండి.

ఇక తెలుగు అక్షరాల సంగతి. ఇది నాకు ఇష్టమైన విషయం, కొంచెం ఓపిక పట్టండి. "బరంపురం" అన్న మాటలో మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్ దృష్టిలో అవి ఏడు: బ, ర, సున్నా, ప, కొమ్ము, ర, సున్నా. యూనికోడ్‌ను ఫైల్లో దాచే మామూలు పద్ధతిలో, అంటే యు.టి.ఎఫ్.-8లో, ఒక్కొక్కదానికి 3 బైట్లు. మొత్తం 21. మీరు ఊరి పేరుకు 20 బైట్ల చోటు ఇచ్చారనుకోండి, చివరి సున్నా మధ్యలో తెగి అక్కడ ఏదో పిచ్చి గుర్తు కనబడుతుంది. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించిన వాడికి ఈ తప్పు ఎన్నటికీ దొరకదు. ఎస్.ఎం.ఎస్. కూడా ఇలాగే. ఇంగ్లీషులో ఒక మెసేజిలో 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే.

యూనికోడ్‌లో తెలుగు క నంబరు 3093, ఒడియా క నంబరు 2837. తేడా 256. రెండు పట్టికలూ భారతీయ ప్రమాణమైన ఇస్కీ వరుసలోనే ఉన్నాయి కాబట్టి చాలా అక్షరాలకు ఇదే తేడా. ఇది చూసి ఉత్సాహంగా 256 తీసేసి తెలుగు పేర్లను ఒడియా లిపిలోకి మార్చే ప్రోగ్రామ్ రాశాను. ఎల్లమ్మ అన్న పేరు ఖాళీ డబ్బాతో మొదలైంది. ఒడియా పట్టికలో హ్రస్వ ఎ లేదు, ఆ గడి ఖాళీ. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగిన పిల్లలకు ఈ తేడా చెవికి తెలుసు. దాన్ని ప్రోగ్రామ్‌లో పెట్టడమే మరిచిపోతాం.

పెద్ద కంపెనీలకూ ఈ దెబ్బ తగిలింది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న మన తెలుగు అక్షరం మెసేజిలో వస్తే ఐఫోన్లలో ఆ యాప్ కూలిపోయేది. ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు ఉన్నప్పుడే అలా జరిగేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా అలాంటి కూర్పులు దొరికాయి. ఆపిల్ అదే నెల 19న ఐ.ఓ.ఎస్. 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ఆ కనపడని గుర్తు అరుదైనదేమీ కాదు. "సాఫ్ట్‌వేర్" అని సరిగా టైపు చేస్తే ట్ తరువాత అది ఉంటుంది. ఒకరు దానితో, ఒకరు అది లేకుండా కొడితే చూపుకు దగ్గరగా ఉన్న మాటలు వెతుకులాటలో కలవవు. పోల్చే ముందు దాన్ని పక్కన పెట్టండి.

అంకెల దగ్గర ఒకటే సూత్రం చాలు: కూడికలు, తీసివేతలు చేయనిది ఏదైనా అంకె కాదు, అక్షరాలే. మన ఎస్.టి.డి. కోడ్ 0680. దాన్ని సంఖ్యగా దాస్తే ముందు సున్నా పోయి 680 మిగులుతుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా ఉంచుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఏ హెచ్చరికా రాదు. కొట్టే ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్ అని మార్చాలి. బ్యాంకు ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్‌లో 11 అక్షరాలు ఉంటాయి, ఐదోది ఎప్పుడూ సున్నాయే. దాన్ని ఇంగ్లీషు ఓ అక్షరంగా కొట్టేవాళ్లు ఎందరో. ఈ ఒక్కటి ప్రోగ్రామ్ సులువుగా పట్టుకోగలదు.

డబ్బును పైసల్లో పూర్ణసంఖ్యగా దాచండి. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. పదోవంతు రెండు అంకెల లెక్కలో పూర్తిగా ఇమడదు. ఇది చిన్న విషయం అనుకోకండి. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా వారి పేట్రియట్ క్షిపణి వ్యవస్థ వచ్చే క్షిపణిని పట్టుకోలేకపోయింది. కాలాన్ని పదోవంతు సెకన్లలో లెక్కించి మార్చే చోట ఆ చిన్న తేడా దాదాపు 100 గంటల్లో సెకనులో మూడో వంతుకు పెరిగింది. 28 మంది సైనికులు చనిపోయారు.

తేదీల గురించి ఒక్క మాట. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా వారికి మార్చి 4. నెలను అక్షరాల్లో రాయించండి, గొడవ ఉండదు.

ఇప్పుడు నేను ఏ ప్రోగ్రామ్ రాసినా ముందు ఒక పరీక్ష ఫైలు పెట్టుకుంటాను. అందులో ఎల్లమ్మ ఉంది, బరంపురం ఉంది, 0680 ఉంది, 16 అంకెల ఖాతా ఉంది, ఇంటిపేరు చివర వచ్చిన కుర్రవాడు ఉన్నాడు. మొదటి రెండు వరుసల్లో ఒకే నాయనమ్మ పేరున్న ఇద్దరు అక్కచెల్లెళ్లు. మీలో ఎవరికైనా ఆ ఫైలు కావాలంటే స్కాలర్‌షిప్పు పంపిణీ రోజున నన్ను అడగండి, పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి.